పై అంతస్తు షవర్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయి – పంపు పెట్టాలా, ట్యాంకు ఎత్తాలా?

ఉప్పల్_కొత్తిల్లు
నిరుడు పైన రెండో అంతస్తు వేసుకున్నాం. గ్రౌండ్‌లో ఒకరు, ఫస్ట్ ఫ్లోర్‌లో ఒకరు కిరాయికి ఉంటారు, పైన మేము. ట్యాంకు సరిగ్గా మా నెత్తి మీదే ఉంది. అయినా షవర్ తిప్పితే నీళ్లు చుక్కల్లా రాలతాయి, తలకి సబ్బు పెట్టుకుంటే పోవడానికే పది నిమిషాలు. గ్రౌండ్ ఫ్లోర్‌లో నల్లా తిప్పితే మాత్రం బకెట్టు మోత మోగుతుంది. ట్యాంకు పక్కనున్న మాకు సన్నగా, మూడంతస్తుల కింద ఉన్నవాళ్ళకి జోరుగా. ఇదేం లెక్క?

ప్లంబర్ వచ్చి చూసి "ప్రెషర్ పంపు పెట్టాలె, 18 వేలు" అన్నాడు. మా నాన్నేమో పంపొద్దు, ట్యాంకు కింద ఇంకో ఐదడుగులు దిమ్మె లేపుదామంటాడు. ఇద్దరూ పట్టు వదలరు. ఇల్లు కట్టి చేతిలో డబ్బులు లేవు, ఒక్కసారే ఖర్చు పెట్టాలి. ఎవరి మాట వినాలి?

కాకినాడ_కాజా
నాన్న మాట. పంపుకి కరెంటు బిల్లు వస్తుంది, నాన్నకి రాదు.

14వ_ఫ్లోర్
పంపు పెట్టేయండి. మా అక్క వాళ్ళ ఇంట్లో ఇదే సమస్య, పంపు పెట్టాక హోటల్ షవర్‌లా కొడుతోంది. ఆలోచించడానికి ఏముంది?

బెజవాడ_అక్క
ఆలోచించడానికి చాలా ఉంది. మేం పంపు పెట్టించాం. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత ఫ్లష్ ట్యాంకు ఎక్కడో కొద్దిగా కారడం మొదలుపెట్టింది. ఆ కాస్త కారినప్పుడల్లా రాత్రి రెండింటికి పంపు "గుర్" మని లేచి, పది సెకన్లు తిరిగి ఆగుతుంది. మళ్ళీ పావుగంటకి గుర్. మా అత్తగారికి నిద్ర కరువైంది. పాత జాయింట్లు రెండు చెమ్మ పట్టాయి కూడా. పంపు తప్పని నేననను, అది పెట్టే ముందు చూసుకోవలసినవి ఉన్నాయి.

పాత_ఇంజనీరు
ఉప్పల్ బాబూ, ఖర్చు మాట తర్వాత. ముందు కొలవండి. మీరు "సన్నగా", "జోరుగా" అంటే మాకు ఏమీ తెలియదు. 20 లీటర్ల బకెట్టు, ఫోనులో గడియారం చాలు. పై బాత్‌రూమ్‌లో చల్లనీళ్ల నల్లా, వేడినీళ్ల నల్లా, షవర్ – మూడూ విడివిడిగా బకెట్టు నిండే సమయం రాయండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక నల్లా కూడా చూడండి. కింద నల్లా తిప్పి ఉంచి పైన మళ్ళీ ఒకసారి చూడండి. ట్యాంకు అడుగు నుంచి షవర్‌కి, నల్లాకి ఎన్ని అడుగుల ఎత్తు తేడా ఉందో టేపు పట్టండి.

ముప్ఫై ఏళ్ళు నీటి సరఫరా పనిలోనే ఉన్నాను. పంపు అవసరమా కాదా అన్నది ఈ అంకెలు చూశాక చెప్పగలను, అంతకు ముందు ఎవరు చెప్పినా ఊహే.

పైపులపని_25
సార్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. నేను పాతికేండ్ల సంది ఇదే పని జేస్తున్న, హన్మకొండల. కొలవకుంట పంపు పెట్టుడంటే జ్వరమెంతో సూడకుంట సూదేసినట్టే. ఉప్పల్ అన్నా, ఇంకోటి గూడ సూడు. ట్యాంకుల నుంచి ఎన్ని లైన్లు దిగుతున్నయ్? ఒక్కటేనా? ఎంత ఇంచు?

నల్లా_నీళ్లు
పైపు లావు ఎందుకు, సన్నది వేస్తే ప్రెషర్ పెరుగుతుంది కదా? మొక్కలకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే ఎంత దూరం కొడుతుందో అందరూ చూసే ఉంటారు. అందుకే మా మేస్త్రీ బాత్‌రూమ్‌కి కావాలనే అర ఇంచు వేశాడు.

పైపులపని_25
ఆ మేస్త్రీ మాట ఇనకు తమ్మీ. బొటనేలు పెడితే దూరం కొడ్తది, గనీ బకెట్టు తొందరగ నిండదు. వేలు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి బకెట్టు నింపి సూడు. నీకే ఎర్కైతది.

నల్లా_నీళ్లు
సరే చూస్తా. కానీ ఒప్పుకోను ఇప్పుడే.

ఉప్పల్_కొత్తిల్లు
ఆదివారం పొద్దుటి నుంచి ఇదే పని. మా పాప గడియారం పట్టింది, నేను బకెట్టు పట్టాను. ట్యాంకు నిండా లేదు, సగానికి కాస్త తక్కువే. అంకెలు ఇవి:

పై బాత్‌రూమ్ చల్లనీళ్ల నల్లా: 20 లీటర్లు 2 నిమిషాల 10 సెకన్లు.
అదే చోట వేడినీళ్లు (15 లీటర్ల గీజర్): 5 నిమిషాలు.
షవర్, చల్లనీళ్లే: 8 నిమిషాలు!
గ్రౌండ్ ఫ్లోర్ నల్లా: 1 నిమిషం 10 సెకన్లు.
గ్రౌండ్ ఫ్లోర్ నల్లా తిప్పి ఉంచి పైన చల్లనీళ్ల నల్లా: 3 నిమిషాల 40 సెకన్లు. అప్పుడు షవర్ అయితే ఆగి ఆగి, గాలి బుడగలతో వచ్చింది.

ఎత్తులు: శ్లాబు మీద అడుగున్నర దిమ్మె, దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. మా గచ్చు నుంచి ట్యాంకు అడుగుకి 12 అడుగులు. షవర్ 7 అడుగుల ఎత్తులో, నల్లా 2 అడుగుల ఎత్తులో. ట్యాంకు నుంచి ఒక్కటే లైను దిగుతుంది, ఇంచుది. అదే గోడ వెంట మూడు అంతస్తులకూ పోతుంది.

కాకినాడ_కాజా
పాపకి ఐస్‌క్రీమ్ బాకీ ఉన్నారు మీరు.

పాత_ఇంజనీరు
చక్కగా కొలిచారు. ఇప్పుడు మాట్లాడవచ్చు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

నీళ్లకి బలం ఇచ్చేది ట్యాంకు ఎంత దగ్గరుందన్నది కాదు, ఎంత ఎత్తున ఉందన్నది. పది మీటర్ల ఎత్తు ఉంటే చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి. మీ షవర్‌కి ట్యాంకు అడుగుకి తేడా 5 అడుగులు, అంటే మీటరున్నర. ఒత్తిడి 0.15 కిలో మాత్రమే. మీ నల్లాకి 10 అడుగులు, 0.3 కిలో. గ్రౌండ్ ఫ్లోర్ నల్లాకి ఇంకో రెండంతస్తులు కలుపుకోండి, సుమారు 31 అడుగులు, 0.94 కిలో. మీ ఇంట్లో నెత్తి మీద ట్యాంకు ఉన్నవాళ్లే నీటి విషయంలో అందరికంటే బీదవాళ్లు. ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కాదు, పై అంతస్తు వాళ్ళందరి గతీ ఇదే.

ఇప్పుడు ప్రవాహం. నిమిషానికి ఎన్ని లీటర్లన్నది చూస్తే: చల్లనీళ్లు 9.2, వేడినీళ్లు 4, షవర్ 2.5, గ్రౌండ్ ఫ్లోర్ 17. ఒత్తిడి రెండింతలయితే ప్రవాహం రెండింతలు కాదు, ఒకటిన్నర కంటే కాస్త తక్కువగా పెరుగుతుంది. మీ నల్లాకీ గ్రౌండ్ ఫ్లోర్‌కీ మధ్య ఒత్తిడి మూడింతలకు పైగా ఉంది, ఆ లెక్కన కింద 16, 17 రావాలి. వచ్చింది. అంటే నిలువు లైను ఆరోగ్యంగానే ఉంది.

షవర్ దగ్గరికి రండి. నల్లాతో పోలిస్తే షవర్‌కి ఒత్తిడి సగం. ఆ లెక్కన 6 లీటర్లు దాటి రావాలి. మీకు వచ్చేది 2.5. మిగతా మూడున్నర, నాలుగు లీటర్లని షవర్ బుర్రో, గోడలో ఉండి నీళ్లని నల్లాకో షవర్‌కో మళ్లించే డైవర్టరో తినేస్తోంది. ఇది ట్యాంకు ఎత్తు వల్ల వచ్చిన లోటు కాదు.

వేడినీళ్లు కూడా అంతే. అదే నల్లా, అదే ఎత్తు, చల్లనివి 9, వేడివి 4. అంటే గీజర్ దారిలో ఏదో ఇరుకు ఉంది.

మూడోది, కింద నల్లా తిప్పగానే మీకు 9 కాస్తా 5న్నరకి పడిపోవడం. ఇది ఒకే లైను అందరూ పంచుకోవడం వల్ల.

మీకు ఉన్నవి మూడు జబ్బులు. మూడింటికీ కలిపి పంపు అనే ఒక్క మాత్ర ఇచ్చారు మీ ప్లంబర్.

ఉప్పల్_కొత్తిల్లు
సార్, ఇంత స్పష్టంగా మాకెవరూ చెప్పలేదు. మరి నాన్న చెప్పినట్టు ఐదడుగులు లేపితే?

పాత_ఇంజనీరు
షవర్‌కి మీటరున్నర కాస్తా మూడు మీటర్లవుతుంది. 2.5 లీటర్లు 3.5 అవుతాయి. అంతే. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే ఒక టన్ను బరువు, దాన్ని ఇంకో ఐదడుగులు పైకి లేపి, గాలికి, వానకి నిలిచేలా దిమ్మె కట్టాలి. స్తంభాల మీద పడేలా కట్టాలి తప్ప శ్లాబు నడిమధ్యలో కాదు. ఇల్లు కట్టేటప్పుడే అనుకుని ఉంటే నాన్నగారి మాటే సరైనది, నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ ఖర్చుకి దక్కేది తక్కువ.

బెజవాడ_అక్క
ట్యాంకు నిండా ఉన్నప్పుడు షవర్ కాస్త బాగుంటుందా మీకు? మాకు మోటారు వేసిన అరగంటకి స్నానం చేస్తే తేడా తెలిసేది.

ఉప్పల్_కొత్తిల్లు
అవునక్కా! పొద్దున ఆరింటికి మా ఆవిడ చేస్తే బాగానే వస్తుందంటుంది, ఎనిమిదింటికి నాకు చుక్కలు. నేను నమ్మలేదు ఇన్నాళ్ళు.

పాత_ఇంజనీరు
నమ్మాలి. నిండిన ట్యాంకులో నీటి మట్టం అడుగు నుంచి మీటరు పైనే ఉంటుంది. మీ షవర్‌కి ఉన్నదే మీటరున్నర కదా, దానికి ఇంకో మీటరు కలిస్తే తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి ఆ మీటరు లెక్కలోకే రాదు.

కాకినాడ_కాజా
ఆవిడ మాట మీద రెండో ఐస్‌క్రీమ్ బాకీ.

నల్లా_నీళ్లు
వేలు పెట్టి చూశాను. వేలు లేకుండా 1 నిమిషం 20. వేలు అడ్డం పెడితే 2 నిమిషాల 50. ఒప్పుకున్నాను. మరి మా మేస్త్రీ వేసిన అర ఇంచు సంగతేంటి? గోడలో పోయింది, టైల్స్ కూడా అతికించారు.

పైపులపని_25
ఎంత దూరం వేసిండో అడుగు. నల్లా కాడికి వచ్చే ఆఖరి మూడడుగులు అర ఇంచైతే ఏం గాదు, అందరం గట్లనే వేస్తం. ట్యాంకు నుంచి దిగే డౌన్ లైను కాడి నుంచే అర ఇంచు లాగిండంటే మాత్రం తప్పే.

పాత_ఇంజనీరు
దూరం సంగతికి అంకెలు ఇస్తాను, సీపీవీసీ (వేడినీళ్లకీ తట్టుకునే ప్లాస్టిక్) పైపుకి. నిమిషానికి 10 లీటర్లు పారితే 10 మీటర్ల పొడవులో రాపిడికి పోయే ఎత్తు: అర ఇంచు పైపులో సుమారు 2 మీటర్లు. ముప్పావు ఇంచులో 30 సెంటీమీటర్లు. ఇంచులో 9 సెంటీమీటర్లు.

మళ్ళీ చదవండి. ఉప్పల్ వారి షవర్‌కి ఉన్నదే మీటరున్నర. అర ఇంచు పైపు 10 మీటర్లు వేస్తే ఆ మొత్తం పైపే మింగేస్తుంది. అర ఇంచు సీపీవీసీకి లోపలి వ్యాసం సుమారు 12న్నర మిల్లీమీటర్లు, ముప్పావుకి 18, ఇంచుకి 23 పైన. వ్యాసం కాస్త తగ్గితే నష్టం చాలా ఎక్కువగా పెరుగుతుంది, సగానికి తగ్గితే దాదాపు ముప్ఫై రెట్లు. ఒక్కో ఎల్బో (పైపుని మలుపు తిప్పే ముక్క) రెండు మూడు అడుగుల పైపుతో సమానం. గోడ మూలల్లో అందంగా కనబడాలని ఆరు ఎల్బోలు తిప్పితే పదిహేను అడుగుల పైపు అదనంగా వేసినట్టు.

14వ_ఫ్లోర్
మా అపార్ట్‌మెంటులో దీనికి పూర్తిగా తిరగబడిన కథ. మొత్తం 20 అంతస్తులు. కింద రెండు అంతస్తుల వాళ్ళకి ఫ్లష్ ట్యాంకు వాల్వులు నెలకొకటి పోయేవి. 55, 60 మీటర్ల ఎత్తు నీళ్లు, ఆరు కిలోల దాకా ఒత్తిడి. చివరికి ప్రతి కొన్ని అంతస్తులకి ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టాక శాంతించింది. పైవాళ్ళకి టెర్రస్ మీద పంపు ఉంది, అందుకే నాకు పంపు మాటే మొదట నోటికి వచ్చింది. ఉప్పల్ గారి అంకెలు చూశాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నా.

అనంత_సోలార్
పంపు గురించి నేనొకటి చెప్పాల. ఇంట్లో సోలార్ హీటర్ ఉండి పంపు పెట్టాలనుకునే వాళ్ళు ఇది చదవకుండా పెట్టద్దండి. గాజు గొట్టాల సోలార్ ట్యాంకు ఒత్తిడికి తట్టుకునేది కాదు, దానికి పైన గాలి పైపు తెరిచే ఉంటాది. పంపు నీళ్లు నేరుగా దానికి ఇస్తే ట్యాంకు పగులుతాది.

ఇంకొకటి ఉంది, ఇది ఎక్కువగా జరిగేది. పోయినేడు ధర్మవరం పక్క ఒక ఇంట్లో చల్లనీళ్ల లైనుకి మాత్రం పంపు పెట్టించుకున్నారు. సోలార్ లైను మామూలుగానే వదిలేసినారు. ఇంగ బాత్‌రూమ్‌లో వేడీ చల్లా కలిసే మిక్సర్ తిప్పితే చల్లనీళ్లు జోరుగా వచ్చి వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కి, సోలార్ ట్యాంకు నిండి, గాలి పైపు గుండా మిద్దె మీద కారిపోయినాయి. రాత్రంతా. పొద్దున చూస్తే చల్లనీళ్ల ట్యాంకు ఖాళీ, మిద్దె తడి, వేడినీళ్లు లేవు. సోలార్ చెడిపోయిందని నన్ను పిలిచినారు. సోలార్‌కి ఏమీ కాలా. వేడి లైనులో ఒక ఎన్నార్వీ (నీళ్లని ఒక దిక్కే పోనిచ్చే వాల్వు) పెట్టి ఎదురెక్కకుండా ఆపితిని. కానీ మిక్సర్‌లో చల్లనీళ్ల జోరుకి వేడినీళ్లు బయటికి రావడానికే మొహమాటపడతా ఉండాయి. రెండు లైన్లకీ ఒత్తిడి సమానంగా ఉంటేనే మిక్సర్ సరిగా కలుపుతాది.

బెజవాడ_అక్క
అయ్యో, మా పక్కింటి వాళ్ళకి సరిగ్గా ఇదే! మిక్సర్ పాడైందని రెండుసార్లు మార్చారు. ఇప్పుడే వెళ్ళి చెప్తా.

లీడ్స్_తెలుగు
ఇక్కడ ఇంగ్లండులో చాలా ఇళ్ళకి పైన ట్యాంకే ఉండదు. వీధి లైను నుంచి నేరుగా వంటింట్లో గోడకి ఉన్న బాయిలర్‌లోకి, అక్కడి నుంచి వేడినీళ్ల నల్లాకి. మొదట్లో నాకు అర్థం కానిది ఒకటే: నల్లా పూర్తిగా తిప్పితే నీళ్లు గోరువెచ్చగా, కాస్త తగ్గిస్తే కాలేలా. బాయిలర్ పాడైందనుకున్నాను. తర్వాత లెక్క కట్టాను. మాది 24 కిలోవాట్ల బాయిలర్. నీటిని 35 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి 9.8 లీటర్లకి మించి అది వేడి చేయలేదు. చలికాలం పైపు నీళ్లు 5 డిగ్రీల దగ్గర వస్తాయి, అప్పుడు 35 డిగ్రీలు పెంచితే 40. స్నానానికి సరిపోతుంది, అంతే. ఇంకా ఎక్కువ నీళ్లు లాగితే ఆ వేడే ఎక్కువ నీళ్లకి పంచుకోవాలి.

వేడినీళ్లతో గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లది ఇంకో పాఠం. పై గది రేడియేటరు చల్లగా, హాలుది మండుతూ ఉండేది. నీళ్లు దగ్గరి దారే చూసుకుంటాయి, హాలు రేడియేటరే మొత్తం లాగేస్తోంది. ప్రతి రేడియేటరుకి రెండో చివర మూతపెట్టిన ఒక వాల్వు ఉంటుంది. హాలుదాన్ని పావు తిప్పుకి బిగిస్తే పైగదికి వేడి వచ్చింది. లోపలికి వెళ్ళే నీటికీ తిరిగొచ్చే నీటికీ 20 డిగ్రీల తేడా ఉండేలా చూసుకుంటే, ఒక కిలోవాట్ వేడికి నిమిషానికి ముప్పావు లీటరు కూడా అక్కర్లేదు.

ఉప్పల్ గారి ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ నల్లా మా హాలు రేడియేటరు లాంటిదే అనిపించింది.

నల్లా_నీళ్లు
అంటే వంటింట్లో పెట్టే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ కూడా అంతేనా? మా అమ్మ ఎప్పుడూ అది వేడెక్కట్లేదని గొడవ.

లీడ్స్_తెలుగు
సరిగ్గా అంతే. 3 కిలోవాట్లు 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి 2 లీటర్ల పైచిలుకు మాత్రమే. అమ్మగారిని నల్లా సన్నగా తిప్పమనండి.

పైపులపని_25
ఉప్పల్ అన్నా, గీజర్ ముచ్చట నేను జెప్త. గీజర్‌కి రెండు జాలి పైపులు ఉంటయ్ గదా, స్టీలు జాలితోని వంగేవి. పైన సూస్తే లావుగ కనబడ్తయ్, లోపల రంధ్రం శానా సన్నం. అవి రెండు ఇప్పి సూడు. గీజర్‌కి చల్లనీళ్లు వచ్చే దిక్కు ఒక వాల్వ్ ఉంటది, లోపల స్ప్రింగు ఉంటది. బోరు నీళ్లయితే అక్కడ సున్నం పేరుకుంటది. యాంగిల్ కాక్ (గోడ కాడ నీళ్లు ఆపే చిన్న నల్లా) గూడ పూర్తిగ తెరిచిండ్రా లేదా సూడు. గీజర్ పెట్టెటోళ్లు సగమే తెరిచి పోతరు, ఎన్నిసార్లు సూసిననో లెక్కలేదు.

బెంగళూరు_బావ
ఆ వాల్వే తీసేస్తే పోలా? మా ఇంట్లో తీసేశాం, నీళ్లు బాగా వస్తున్నాయి.

పైపులపని_25
బావా, ఇయ్యాల్నే తిరిగి పెట్టు. మజాక్ గాదు. అది నీళ్లు ఎనక్కు పోకుంట ఆపుతది, లోపల ఒత్తిడి ఎక్కువైతే బయటికి వదుల్తది. థర్మోస్టాట్ పని చెయ్యకపోతే ఆఖరికి ఇంటిని కాపాడేది గదే. ట్యాంకు ఖాళీ అయినప్పుడు గీజర్ల నీళ్లు ఎనక్కు గుంజుకపోతే ఎలిమెంట్ ఉత్తగనే కాల్తది. శుభ్రం చెయ్యి, పాడైతే మార్చు, తియ్యకు.

పాత_ఇంజనీరు
పై మాటని నేను బలపరుస్తున్నాను. బెంగళూరు బావగారూ, దయచేసి ఆలస్యం చేయకండి.

బెంగళూరు_బావ
సరే, రేపే పిలుస్తా. నాకు తెలియదు ఇది.

నాది వేరే మాట కూడా ఉంది. అందరూ జోరు, జోరు అంటున్నారు. 2024 మార్చిలో ఇక్కడ నీటి కరువు వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు అన్నిటిలో నల్లాలకి జాలి మూతలు తప్పనిసరి చేసింది. గాలి కలిపి ధార లావుగా కనిపించేలా చేసేవి. మా వాష్‌బేసిన్ నల్లా నిమిషానికి 11 లీటర్లు వచ్చేది, ఇప్పుడు 3. చేతులు కడుక్కోవడానికి తేడా ఏమీ తెలియట్లేదు. ట్యాంకర్ల కోసం అర్ధరాత్రి కాచుకున్నవాణ్ణి, నాకు ఆ 8 లీటర్లు బంగారం.

14వ_ఫ్లోర్
నిజమే కానీ ఉప్పల్ గారికి 2.5 లీటర్లే వస్తుంటే ఇంకా తగ్గించమని ఎలా అంటాం?

బెంగళూరు_బావ
ఆయన్ని అనట్లేదు. హోటల్ షవర్ కావాలన్న మిమ్మల్ని అంటున్నా. పెద్ద షవర్ నిమిషానికి 15 లీటర్లు పోస్తే పది నిమిషాల స్నానానికి 150. పట్టణంలో మనిషికి రోజుకి లెక్కగట్టే నీళ్లే 135 లీటర్లు.

పాత_ఇంజనీరు
ఇద్దరి మాటా సరైనదే. మంచి షవర్‌కి 6, 7 లీటర్లు చాలు, అమెరికాలో చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితే 9.5. మనం ఉప్పల్ వారికి 6 తెప్పిద్దాం, 15 వద్దు.

ఉప్పల్ బాబూ, వరస ఇది. మొదట పైసా ఖర్చు లేనివి: షవర్ బుర్ర విప్పి నిమ్మఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. షవర్ లేకుండా గొట్టం నుంచి బకెట్టు నింపి సమయం చూడండి. 6 వస్తే తప్పు బుర్రదే, రాకపోతే డైవర్టర్‌ది. కొత్తది కొనేటప్పుడు పెట్టె మీద ఎంత ఒత్తిడికి పనిచేస్తుందో చూడండి. పళ్ళెం లాంటి పెద్ద షవర్లు మీ 0.15 కిలోకి పనికిరావు. తర్వాత గీజర్ దారి. ఆఖరున పై అంతస్తుకి విడి లైను.

ఉప్పల్_కొత్తిల్లు
షవర్ బుర్ర విప్పాను. లోపల ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి, మధ్యలో చిన్న బెజ్జం. రంధ్రాల్లో సగం సున్నంతో మూసుకుపోయాయి. బుర్ర లేకుండా గొట్టం నుంచి 20 లీటర్లు 3 నిమిషాల 5 సెకన్లలో నిండింది. అంటే 6.5 లీటర్లు! సార్ కాగితం మీద చెప్పింది బాత్‌రూమ్‌లో అలాగే వచ్చింది. మా నాన్న కూడా వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళాడు.

కాకినాడ_కాజా
నాన్నలు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే.

పైపులపని_25
ఆ బిళ్ళ నీళ్లు ఆదా జేయనీకి పెడ్తరు. పంపు ఉన్న ఇంటికి మంచిదే, నీకు అక్కెర లేదు, తీసి పక్కకు పెట్టు. గీజర్ సంగతి?

ఉప్పల్_కొత్తిల్లు
యాంగిల్ కాక్ సగమే తెరిచి ఉందన్నా. మీరన్నట్టే! జాలి పైపులు కూడా లావు రంధ్రం ఉన్నవి మార్పించాను, వాల్వు శుభ్రం చేయించాను. వేడినీళ్లు ఇప్పుడు 20 లీటర్లు 2 నిమిషాల 45. ఇప్పటిదాకా ఖర్చు 640 రూపాయలు.

కింద వాళ్ళు తిప్పితే పడిపోవడం మాత్రం అలాగే ఉంది. విడి లైను ఎలా వేయించాలి?

పైపులపని_25
ట్యాంకుకి కొత్త రంధ్రం పెట్టి ఒకటింపావు ఇంచు లైను తియ్యి, అది మీ అంతస్తుకు మాత్రమే. బాత్‌రూమ్ గోడ దాక అదే సైజు, ఆడికెళ్ళి ముప్పావు, ఆఖరుకు అర. పాత ఇంచు లైను కిందోళ్ళకు వదిలెయ్యి. కొత్త లైను దిగేకాడ వాల్వ్ పెడ్తరు గదా, దాని తర్వాత ఒక గాలి పైపు ట్యాంకు కంటె ఎత్తుగ లేపి వంచి వదిలెయ్యి. లేకుంటే ట్యాంకు ఖాళీ అయ్యి నిండినప్పుడల్లా గాలి పట్టేసి నీళ్లు రావు. వాల్వ్ ఫుల్ బోర్ బాల్ వాల్వ్ పెట్టు. తెరిస్తే పైపంత తెరుచుకుంటది.

పాత_ఇంజనీరు
ఎందుకు విడి లైను అన్నదానికి ఒక అంకె. మీ ఇంచు పైపులో నిమిషానికి 10 లీటర్లు పోతే 10 మీటర్లకి నష్టం 9 సెంటీమీటర్లన్నాను కదా. కింద రెండు ఇళ్ళు కూడా తిప్పి మొత్తం 30 లీటర్లు లాగితే అది 9 మూళ్ళు 27 కాదు, 67 సెంటీమీటర్లు. ట్యాంకు మూతి, వాల్వు, ఎల్బోలు కలిపితే మీటరు దాటుతుంది. మీ మీటరున్నరలో మీకు మిగిలేది మూరెడు. అందుకే గాలి బుడగలు.

ఇంతా చేశాక కూడా చాలలేదంటే అప్పుడు పంపు పెట్టుకోండి, తప్పేమీ లేదు. కానీ గీజర్ మీద రాసిన ఒత్తిడి చూసుకుని, కరెంటు పోయినప్పుడు నీళ్లు ఆగకుండా పక్క నుంచి ఎన్నార్వీతో ఒక దారి ఉంచి పెట్టించండి. ఒక్కటి మాత్రం ఎప్పుడూ వద్దు, ఎవరైనా చవకగా అవుతుందని చెప్పినా వినకండి: వీధి నల్లా లైనుకి నేరుగా మోటారు. అది చట్టవిరుద్ధం. పైగా వీధి పైపుకి ఎక్కడ పగులున్నా చుట్టూ ఉన్న మురుగుని లోపలికి పీలుస్తుంది. ఆ నీళ్లు తాగి వీధులకి వీధులే పడకేయడం నా ఉద్యోగంలో చూశాను. ఇవాళ్టికీ మరచిపోలేను.

నల్లా_నీళ్లు
సార్, మా వీధిలో సగం మంది అలాగే లాగుతారు. అందుకే మాకు రావు.

పాత_ఇంజనీరు
ఫిర్యాదు చేయండి. ఒక్కరు కాకుండా పదిమంది కలిసి.

ఉప్పల్_కొత్తిల్లు
నెల రోజుల తర్వాత వస్తున్నా, క్షమించాలి, పాప పరీక్షలు. విడి లైను వేయించాం. ఒకటింపావు ఇంచు, బాల్ వాల్వ్, గాలి పైపు, మూడే ఎల్బోలు. కూలీ, సామాను కలిపి 5,200.

కొత్త షవర్ (చిన్నదే, బిళ్ళ తీసేశాం): 20 లీటర్లు 3 నిమిషాలు. కింద రెండు ఇళ్ళలో నల్లాలు తిప్పి ఉంచినా 3 నిమిషాల 5. మా ఆవిడే కిందికెళ్ళి తిప్పి వచ్చింది. చల్లనీళ్ల నల్లా 1 నిమిషం 50. పొద్దున ఎనిమిదింటికి కూడా తలస్నానం అవుతోంది. పంపు కొనలేదు, దిమ్మె లేపలేదు.

సార్‌కి, హన్మకొండ అన్నకి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. ఉప్పల్ వైపు వస్తే భోజనానికి రావాలి.

పైపులపని_25
వస్త అన్నా. గాలి పైపు మూతికి దోమల జాలి కట్టినవా? లేకుంటే చెత్త పడ్తది.

ఉప్పల్_కొత్తిల్లు
లేదు. సాయంత్రమే కడతా.

బెంగళూరు_బావ
గీజర్ వాల్వు తిరిగి పెట్టించాను. పాతది సున్నంతో రాయిలా అయిపోయింది, కొత్తదే వేశాడు. నీళ్లు ముందున్నంత బాగానే వస్తున్నాయి.

బెజవాడ_అక్క
పక్కింటి వాళ్ళ వేడి లైనులో ఎన్నార్వీ పెట్టించారు, వాళ్ళ మిద్దె ఆరింది. ఇవాళ మా ఇంట్లోనూ కొలిచాం. ముందు బాత్‌రూమ్ 1 నిమిషం 25. వెనక బాత్‌రూమ్ 4 నిమిషాల 10. రెండిటికీ ఒకే ఎత్తు, ఒకే లైను. రేపు యాంగిల్ కాక్ దగ్గర మొదలుపెడతా.